ఇన్‌హేలర్ స్పేసర్: ఖాళీ గొట్టానికి ఇంత ధర పెట్టవచ్చా?

ఉబ్బసం మందుల చీటీలో వైద్యులు రాసినా, దుకాణం దాకా వెళ్లాక చాలామంది వద్దనుకొని వదిలేసే వస్తువు స్పేసర్. రెండు ముక్కలుగా విడదీసి బిగించుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, ఒక చివర ఇన్‌హేలర్ పట్టే రంధ్రం, మరో చివర నోట్లో పెట్టుకునే మూతి, ఆ మూతి లోపల ఊపిరి పీల్చినప్పుడు తెరుచుకొని వదిలినప్పుడు మూసుకునే పల్చని కవాటం; ఇంతకుమించి అందులో ఏమీ లేదు. కొన్ని వందల రూపాయలు పోసి ఖాళీ డబ్బా కొనడమేమిటని అనిపించడం సహజమే. మా అమ్మగారు శ్వాసనాళాల వాపును తగ్గించే బుడెసొనైడ్, వాటిని వెడల్పు చేసే ఫార్మోటెరాల్ కలిసిన పంపును (ఇన్‌హేలర్‌ను) ఈ గొట్టంతో వాడటం దగ్గరుండి చూస్తున్నాను కనుక చెబుతున్నాను: మనం చెల్లిస్తున్నది ఆ ఖాళీకే, ఆ ధర సబబే.

పంపును నేరుగా నోట్లో పెట్టుకొని నొక్కితే మందు తుంపర ఎంత వేగంగా దూసుకొస్తుందంటే, అందులో ఎక్కువ భాగం గొంతు వెనుక గోడకు తగిలి అక్కడే ఆగిపోతుంది. నొక్కడం, పీల్చడం చక్కగా కుదిరినవారిలో కూడా సాధారణంగా 10 నుంచి 20 శాతం మాత్రమే ఊపిరితిత్తులకు చేరుతుంది. స్పేసర్ లోపలి ఖాళీలో ఆ వేగం తగ్గుతుంది, మందును మోసుకొచ్చిన ద్రవం ఆవిరై బిందువులు చిన్నవవుతాయి, పెద్దవిగా మిగిలినవి గొట్టం గోడకే అంటుకుంటాయి. సన్నని శ్వాసనాళాల దాకా వెళ్లి నిలవగలిగేవి ముఖ్యంగా 1 నుంచి 5 మైక్రాన్ల కణాలే కాబట్టి, ఈ వడపోత చిన్న విషయం కాదు. కొంతకాలం వాడిన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపలి గోడ మీద తెల్లటి పల్చని పొర కనిపిస్తుంది. స్పేసర్ లేకపోతే అందులో చాలా భాగం నాలుక మీద, గొంతులో పడేది.

మందు లోపలికి చేరడంతో స్పేసర్ పని ముగుస్తుంది గాని మందు పని ముగియదు. శ్వాసనాళపు లోపలి గోడ మీద మొదట శ్లేష్మం పరచుకొని ఉంటుంది. దాని కింద శైలికలు, అంటే సూక్ష్మమైన వెంట్రుకల వంటివి, ఆ శ్లేష్మాన్ని నిరంతరం గొంతు వైపు నెడుతూ ఉంటాయి. ఆ కింద ఒకదానికొకటి గట్టిగా అతుక్కున్న ఉపకళా కణాల వరుస ఉంటుంది. శ్లేష్మంలో కరిగి కణాలను చేరేలోగా శైలికలు పైకి తోసేస్తే, ఆ మందును కఫంతో పాటు మింగేస్తాము. కొవ్వులో తేలికగా కరిగే బుడెసొనైడ్ కణాల పొరల గుండానే త్వరగా లోపలికి పోతుంది. పోయాక కణంలోని కొవ్వు ఆమ్లాలతో జతకట్టి నిల్వ ఉండి, కొద్దికొద్దిగా విడుదలవుతుంది. శ్వాసనాళంలో దాని ప్రభావం చాలాసేపు నిలవడానికి ఈ గుణం తోడ్పడుతుంది. ఫార్మోటెరాల్ కొన్ని నిమిషాల్లోనే శ్వాసనాళపు కండరాన్ని సడలించి దాదాపు 12 గంటలు పనిచేస్తుంది. శ్వాసనాళాలను వెడల్పు చేసే మరో రకమైన టియోట్రోపియం వంటి మందుల సంగతి వేరు: వాటి అణువు మీద విద్యుదావేశం శాశ్వతంగా ఉండటంవల్ల అవి పొరలను సులువుగా దాటలేవు. శ్వాసనాళంలోనే పని ఉన్న మందుకు అదీ ఒక సుగుణమే.

ఈ లెక్క తెలిస్తే మాత్రకూ పంపుకూ ఉన్న తేడా కూడా తెలుస్తుంది. ఆయాసాన్ని త్వరగా తగ్గించే సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములదైతే, పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే అందులో నలభయ్యో వంతు. మింగినది ఏదైనా పేగును, కాలేయాన్ని దాటి రక్తం ద్వారా తిరిగి శ్వాసనాళానికి రావాలి. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్లతో మింగించే చేప మందు కూడా కడుపులోకే పోతుంది; దానికోసం వరుస కట్టే వారి నమ్మకం జోలికి నేను పోను గాని, రోజూ వాడే పంపును మాత్రం దానికోసం ఆపకూడదు.

స్పేసర్ అమ్మేటప్పుడు దుకాణంలో చెప్పిన ఒక మాటతో నేను ఏకీభవించను. దీన్ని వాడితే సైడ్ ఎఫెక్టులే ఉండవని ఆ అబ్బాయి ధీమాగా చెప్పాడు. గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లటి బూజు రావడం తగ్గుతాయన్నది నిజం. కాని మింగిన బుడెసొనైడ్‌లో దాదాపు 90 శాతాన్ని కాలేయం ముందే నిర్వీర్యం చేస్తుంది. ఊపిరితిత్తుల గోడ దాటిన మందుకు అలాంటి కాపలా లేదు, అది నేరుగా రక్తంలో కలుస్తుంది. ఊపిరితిత్తులకు ఎక్కువ మందు చేరితే రక్తంలోకి వెళ్లేది కూడా పెరగవచ్చు. అందుకే స్పేసర్ ఉన్నా మోతాదు వైద్యులు చెప్పినంతే ఉండాలి, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మడం మానకూడదు.

లోపాలు కూడా ఉన్నాయి. మామూలు ప్లాస్టిక్ గొట్టాలలో స్థిర విద్యుత్తు పుడుతుంది. అది మందు కణాలను గోడకు లాక్కుంటుంది. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఇంత ముఖ్యమైన సంగతి మేము కొన్న పెట్టెలోని కాగితంలో చీమ తలకాయంత అక్షరాలతో, అదీ ఇంగ్లీషులో, చివర ఎక్కడో ఉంది. శుభ్రత పేరుతో పొడిగుడ్డ పెట్టి మెరిసేలా రుద్దే ఇళ్లలో ఈ వస్తువు సగం పనే చేస్తుంది. గొట్టం పొడవు వల్ల చేతిసంచిలో పట్టదు. కవాటం కాలక్రమంలో బిగుసుకుపోతుంది లేదా వంగిపోతుంది. ఊపిరితో పాటు అది కదలడం కంటికి కనబడకపోతే గొట్టం మార్చవలసిందే.

వాడే పద్ధతి కష్టమైనది కాదు. పంపును బాగా కుదిపి, ఒక్కసారి మాత్రమే నొక్కి, ఆలస్యం చేయకుండా నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. రెండు మోతాదులను కలిపి గొట్టంలో నింపితే బిందువులు ఒకదానికొకటి అంటుకొని పెద్దవవుతాయి. పొడి మందు క్యాప్సూల్ పరికరం వాడేవారు వేగంగా, బలంగా పీల్చాలి. వారికి స్పేసర్‌తో పని లేదు. అంత బలంగా పీల్చలేని వృద్ధులకు, నొక్కడం పీల్చడం ఒకేసారి కుదరని వారికి, పిల్లలకు ఈ గొట్టం కొనమనే చెబుతాను. ఐదేళ్లలోపు పిల్లలకైతే మూతికి మాస్కు ఉన్నదాన్ని అడిగి తీసుకోవాలి.