దుబాయ్ గోల్డెన్ వీసా: కొన్నేళ్లు వాడాక నా మాట

దుబాయ్‌లోని దేరా ప్రాంతంలో నాకు చిన్న ట్రేడింగ్ వ్యాపారం ఉంది. మొదట్లో కంపెనీలో 51 శాతం వాటా లోకల్ స్పాన్సర్ (అక్కడి పౌరుడు) పేరు మీద పెట్టి, ఏటా ఆయనకు ఫీజు కట్టేవాణ్ని. 2021 జూన్ నుంచి చాలా వ్యాపారాల్లో విదేశీయులకే నూరు శాతం వాటా ఇచ్చారు. ఆ ఖర్చు పోయింది కానీ వీసా బెంగ మాత్రం పోలేదు. కంపెనీలో వాటా ఉన్నందుకు ఇచ్చే పార్ట్‌నర్ వీసాకి రెండు మూడేళ్లకోసారి రెన్యువల్. ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే అది చెల్లదు. అమ్మకు ఒంట్లో బాగోలేక ఊళ్లో ఉన్నన్నాళ్లూ తేదీలు లెక్కపెట్టుకోవడమే.

గోల్డెన్ వీసా 2019లోనే వచ్చినా, నాలాంటివాళ్లకు అందింది 2022 అక్టోబరు మార్పుల తర్వాతే. 20 లక్షల దిర్హాముల ఆస్తి ఉంటే పదేళ్ల వీసా. ఆరు నెలల నిబంధన లేదు, పిల్లలను ఏ వయసులోనైనా స్పాన్సర్ చేయొచ్చు. టైటిల్ డీడ్ (ఆస్తి మనదేనని చూపే పత్రం), ఇన్సూరెన్స్, రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, వేలిముద్రలు, అంతే. ఎవరి సిఫారసూ అడగలేదు. పాస్‌పోర్టులో స్టిక్కర్ కూడా లేదు, అక్కడి గుర్తింపు కార్డు ఎమిరేట్స్ ఐడీయే వీసా.

నాకు బాగా నచ్చింది పదేళ్ల గడువు కాదు, ఏ మార్పునైనా ముందే చెప్పడం. 9 శాతం కార్పొరేట్ ట్యాక్స్ సంగతే చూడండి. 2022 జనవరిలో ప్రకటించి 2023 జూన్ నుంచి అమలు చేశారు. లెక్కలు సర్దుకోవడానికి ఏడాదికి పైగా టైమ్ దొరికింది. 2025 జూలైలో "23 లక్షల రూపాయలు కడితే జీవితాంతం గోల్డెన్ వీసా" అని వార్త గుప్పుమంది. హైదరాబాద్ నుంచి చుట్టాలందరి ఫోన్లూ నాకే! రోజుల్లోనే ఇమిగ్రేషన్ అథారిటీ, అలాంటిదేమీ లేదు, దరఖాస్తులు ప్రభుత్వ మార్గాల్లోనే చేసుకోవాలి అని తేల్చేసింది. పెట్టుబడి పెట్టేవాడికి ధైర్యం ఇచ్చేది ఇదే.

లోపాలూ ఉన్నాయి. ఆస్తి అమ్మేస్తే ఆ వీసాకి ఆధారం పోయినట్టే. పదేళ్లున్నా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే దారి లేదు. ఈ కార్డు చూపించినా ఓ బ్యాంకు నా కంపెనీ ఖాతాకి అవే కాగితాలు మళ్లీ మళ్లీ అడిగి నెలల తరబడి తిప్పింది. ఇంకోటి, మా షాపులో పనిచేసే జగిత్యాల కుర్రాడి వీసా ఇప్పటికీ రెండేళ్లదే, అదీ నా లైసెన్స్ మీద. ఉద్యోగం పోతే వీసా పోతుంది. డబ్బున్నవాడికి ఇచ్చిన ఈ నిశ్చింతలో పావు వంతైనా అతనికి ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది.

ఎలాగూ ఇల్లు కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. వీసా కోసమే ఫ్లాట్ కొనేవాళ్లు మాత్రం ముందు ఆ బిల్డింగ్ సర్వీస్ చార్జి (నిర్వహణ ఖర్చు) చదరపు అడుగుకి ఎంతో అడగండి. అది ఏటా కట్టాలి, బ్రోకర్ తనంతట తాను చెప్పడు.