ద్రవాల సాంద్రతకు ఏది మేలు: ర్యాకెట్టా, కాస్టాల్డా, పెంగ్-రాబిన్సనా?

"సిమ్యులేటర్‌లో (ప్లాంటు లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్‌లో) పెంగ్-రాబిన్సన్ పెట్టాం కదా, సాంద్రత కూడా అందులోంచే తీసుకోవచ్చా?" ప్లాంట్‌లో కొత్తగా చేరే ప్రతి బ్యాచ్‌వాళ్లూ అడిగేది ఇదే. పోయిన వారం మళ్లీ ఇద్దరు అడిగారు, అందుకే రాస్తున్నాను.

పెంగ్-రాబిన్సన్ అంటే పీడనం, ఉష్ణోగ్రత, ఘనపరిమాణాలను కలిపే సమీకరణం. 1976లో వచ్చిన ఆ సమీకరణం అంటే నాకు గౌరవమే. ఆవిరి-ద్రవ సమతాస్థితికి, వాయువుల సాంద్రతకి రోజూ వాడతాను. ద్రవం సాంద్రతకి మాత్రం దాన్ని నమ్మను. నీటినే తీసుకోండి. ఆ సమీకరణంలో 'బి' అనేది ఎంత నొక్కినా ద్రవం దాటి కుదించుకోలేని హద్దు. నీటికి అది లెక్కకడితే మోల్‌కి 18.97 ఘన సెంటీమీటర్లు. అసలు నీరు 25 డిగ్రీల దగ్గర ఆక్రమించేదే 18.07! ఇక సరైన జవాబు ఎలా వస్తుంది? ఘనపు మీటరుకి 997 కిలోలు రావాల్సిన చోట 849 వస్తుంది. వంద ఘనపు మీటర్ల ట్యాంకులో 15 టన్నులు లెక్కలోంచి మాయమైనట్టే. లెక్కలో వచ్చిన ఘనపరిమాణాన్ని దిద్దే 1982 నాటి పెనెలూ సవరణ కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. అది కలపకుండా మాత్రం వాడకండి.

నా ఓటు ఉష్ణోగ్రతను బట్టి ద్రవ సాంద్రత లెక్కకట్టే ర్యాకెట్ సూత్రానికే, అదీ స్పెన్సర్, డానర్ 1972లో సవరించిన రూపానికి. కారణం ఒక్కటే: కొలిచిన ఒక్క విలువ చేతిలో ఉంటే దాన్ని మన ద్రవానికి సరిపోయేలా దిద్దుకోవచ్చు. టోలుయిన్ అనే సాల్వెంట్ సాంద్రత 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకి 867 కిలోలు. క్రిటికల్ ఉష్ణోగ్రత (దాన్ని దాటితే ఆవిరిని ఎంత నొక్కినా ద్రవం కాదు) 591.8 కెల్విన్, అక్కడి పీడనమైన క్రిటికల్ పీడనం 41.06 బార్ వేసి వెనక్కి లెక్కకడితే ఆ ద్రవానికి చెందిన ర్యాకెట్ స్థిరాంకం 0.2647 వస్తుంది. అదే పెట్టి 80 డిగ్రీలకు లెక్క వేయండి, 810 వస్తుంది. కొలిచి చూసినా దాదాపు అంతే. క్యాలిక్యులేటర్‌తో ఐదు నిమిషాల పని. పట్టికల్లో దొరకని సాల్వెంట్లకి క్రిటికల్ విలువలు అంచనాగానే ఉన్నా, ఆ ఒక్క కొలత చాలా తప్పుల్ని సర్దేస్తుంది.

ద్రవ సాంద్రతకే ఉన్న మరో సూత్రం కాస్టాల్డ్ (1979) ఎల్పీజీ, ఎల్‌ఎన్‌జీ లాంటి తేలిక హైడ్రోకార్బన్ మిశ్రమాలకు బాగుంటుంది. ఎక్కువ పీడనానికి తగ్గ సవరణా ఉంది. మీ పని వాటితోనే అయితే నిశ్చింతగా వాడండి.

ఇక మిశ్రమాలు. బెంజీన్-టోలుయిన్ లాంటి జంటకి ఏ సూత్రమూ అక్కర్లేదు, ఘనపరిమాణాలు కూడితే చాలు. ఇథనాల్-నీరు అలా కాదు. 50 మిల్లీలీటర్లకు 50 కలిపితే వంద రాదు, 97 దగ్గర ఆగుతుంది. కలిసినప్పుడు కుదించుకుపోయే ఈ గుణం పై మూడింటిలో దేనికీ సరిగా పట్టుబడదు. అలాంటి మిశ్రమమైతే సిమ్యులేటర్ మూసేసి, శాంపిల్ సీసా, హైడ్రోమీటర్, థర్మామీటర్ తీసుకుని ట్యాంకు దగ్గరికి వెళ్లండి. సాంద్రత పక్కనే ఉష్ణోగ్రత కూడా రాసుకురండి.