రాత్రిపూట పెయింటింగ్ వేసేవాళ్ళకి హై సీఆర్ఐ ట్యూబ్‌లైట్, చాన్నాళ్ళు వాడాక నా రివ్యూ

సీఆర్ఐ అంటే ఒక లైట్ కింద రంగులు ఎంతవరకు అసలు రంగుల్లా కనిపిస్తాయో చెప్పే నంబర్. వాట్స్, ల్యూమెన్స్ అన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు నచ్చింది ఒక్కటే, ఈ ట్యూబ్ కింద ఎరుపు ఎరుపులాగే కనిపిస్తుంది. అదేం పెద్ద గొప్ప అనుకుంటారేమో గానీ పగలంతా ఆఫీసు, రాత్రి భోజనాలయ్యాకే బ్రష్ పట్టుకునే నాలాంటివాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం.

హైదరాబాద్ పాత వీధులు ఒక సిరీస్‌గా ఆయిల్స్‌లో వేస్తున్నా. పత్తర్‌గట్టి కమాన్లు, లాడ్ బజార్, మొజంజాహి మార్కెట్... ఆదివారం పొద్దున్నే వెళ్ళి స్కెచ్‌లు గీసుకుని, పక్కనే రంగులు రాసుకుని వస్తా, అసలు పెయింటింగ్ మాత్రం రాత్రి ఇంట్లోనే. గొడవంతా మొజంజాహి మార్కెట్‌తో మొదలైంది. 1935లో కట్టిన గ్రానైట్ బిల్డింగ్ కదా, కాన్వాస్‌లో సగం పైన గ్రేనే. నల్లరంగుతో చేసిన గ్రేలో జీవం ఉండదని నేను అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగు కలుపుతా. రాత్రి మామూలు ఎల్ఈడీ ట్యూబ్ కింద కొంచెం నీలం ఛాయతో అచ్చం ఆ రాయి రంగే కుదిరేది, పొద్దున కిటికీ తీసి చూస్తే గోడలన్నీ వంకాయ రంగుకి తిరిగి ఉండేవి, మళ్ళీ రాత్రికి చూస్తే ఏమీ లేనట్టు బాగానే ఉండేది! వైట్ మార్చా, రంగుల బ్రాండ్ మార్చా, ఏం లాభం లేదు.

తర్వాత తెలిసిందేంటంటే డబ్బా మీద వేసే సీఆర్ఐ ఉంది చూశారూ, అది ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే, ముదురు ఎరుపు ఆ లెక్కలోనే లేదు. దానికి ఆర్9 అని వేరే నంబర్ ఉంటుంది, చవక ఎల్ఈడీల్లో అది దాదాపు సున్నా. అల్ట్రామెరీన్ నీలమే అయినా స్పెక్ట్రమ్ చివర్లో కొంత ఎరుపు దాచుకుని ఉంటుంది, సియన్నా సంగతి చెప్పక్కర్లేదు. లైట్‌లోనే ఆ ఎరుపు లేకపోతే రాత్రి మన కంటికి ఎక్కడ ఆనుతుంది, పొద్దున వెలుతురు పడగానే బయటికొస్తుంది.

నేను కొన్నది 5000 కెల్విన్ (అంటే పగటి వెలుతురుకి దగ్గరగా ఉండే తెలుపు), సీఆర్ఐ 95, ఆర్9 90 అని రాసున్నది. బిగించిన రాత్రే ఆ పాత కాన్వాస్‌ని దీని కింద పెట్టి చూస్తే వంకాయ రంగు అప్పుడే, అక్కడే కనబడిపోయింది, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అప్పట్నుంచి రాత్రి కలిపిన గ్రే పొద్దునకి అలాగే ఉంటోంది. లాడ్ బజార్ లక్కగాజులు వేసేటప్పుడు క్యాడ్మియమ్ రెడ్‌కీ అలిజరిన్ అనే ముదురు ఎరుపుకీ తేడా కూడా రాత్రే తెలిసిపోతోంది.

కొన్న కొత్తలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇది పగటి వెలుతురే అని చెప్పా, ఇప్పుడైతే అంత మాట అనను. కమాన్ల లోపలి నీడలు దీని కింద విడివిడిగా కనిపిస్తాయి, అదే బొమ్మ ఎవరింట్లోనో హాల్లో పసుపు బల్బు కింద తగిలిస్తే ఆ నీడలన్నీ కలిసిపోయి ఒకటే నలుపు. అందుకని సంతకం పెట్టేముందు మా హాల్లో ఒక సాయంత్రం ఉంచి చూసుకుంటున్నా. తడి ఆయిల్ మీద మెరుపు కూడా కొడుతుంది, ట్యూబ్‌ని ఎదురుగా కాకుండా పైన ఓ పక్కకి వంచి బిగించాక తగ్గింది. ఎండాకాలంలో వోల్టేజ్ ఎగుడుదిగుళ్ళకి డ్రైవర్ (ఎల్ఈడీకి సరిపడా కరెంటు అందించే సర్క్యూట్) పోతే షాపువాళ్ళు దానికి వారంటీ వర్తించదన్నారు, ఆ కోపం ఇంకా పోలేదు.

ఉత్తరం వైపు కిటికీ ఉండి పగలే వేసుకునేవాళ్ళకి దీంతో పనిలేదు, చార్‌కోల్ వాళ్ళకీ అంతే. నాది చిన్న గది, పాలెట్‌కీ కాన్వాస్‌కీ కలిపి ఒక్క ట్యూబ్ సరిపోతోంది, ఈ రెండూ ఒకే లైట్ కింద ఉండాల్సిందే కాబట్టి పెద్ద గది అయితే ఇంకోటి కొనాల్సొస్తుంది, ధరేమో మామూలు ట్యూబ్‌కి కొన్ని రెట్లు. కొనేటప్పుడు సీఆర్ఐ ఒక్కటే చూసి తెచ్చుకోకండి, ఆర్9 ఎంతో అడగండి, షాపతను చెప్పలేకపోతే ఇంకో షాపు చూసుకోండి.