జాతరల బండిలో నాలుగేళ్లు: సోలార్, బ్యాటరీ, మిక్సీ, ఫ్రిజ్ సంగతి

జాతరల్లో ఫోటోలు తీసి అక్కడికక్కడే ప్రింటు చేతిలో పెట్టే పని నాది. చెరువుగట్టు, కురుమూర్తి, మన్యంకొండ, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం.. ఏడాదిలో దగ్గర దగ్గర సగం రోజులు నేనూ మా ఆవిడా బండిలోనే ఉంటాం. 2021లో పాత టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు తీయించి, మంచం, వంటగట్టు, ఫ్రిజ్, ఫ్యాన్లు పెట్టించుకున్నాం (ఇలా మార్చాలంటే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి, డబ్బులు పెట్టకముందే ఆ పని చూసుకోండి). జాతరలో ఇచ్చే తాత్కాలిక కరెంటు వోల్టేజీ సాయంత్రం లైట్లన్నీ వెలిగాక ఎక్కడ ఉంటుందో అందరికీ తెలుసు, జనరేటర్ పెడితే పొగ, సప్పుడు, డీజిల్ ఖర్చు. అందుకే సోలార్.

మొదటిసారి నేను చేసినవన్నీ తప్పులే. బండి పైన 330 వాట్ల ప్యానెళ్లు రెండు, లోపల ఇళ్లల్లో వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, ఎంత కరెంటు దాచుకుంటుందో ఆ లెక్క) ట్యూబులర్ బ్యాటరీ, చవకగా వస్తుందని ఒక పీడబ్ల్యూఎం కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి పంపే పెట్టె), ఒక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. 660 వాట్లు రావాల్సిన చోట ఎర్రటి ఎండలో కూడా 220 దాటలేదు. ప్యానెల్ పాడైందనుకుని రెండుసార్లు కొట్టుకు వెళ్లాను. తర్వాత తెలిసింది, ఆ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు ఇస్తుంది, పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజీకి, అంటే 13కి, లాగేస్తుంది, ఆంపియర్లు మాత్రం అవే తొమ్మిది. తొమ్మిది పదమూళ్లు 117. ఒక్కో ప్యానెల్‌కు అంతే, మిగతాది గాలికి. ఎంపీపీటీ కంట్రోలర్ అయితే ఎక్కువున్న వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. అది పెట్టిన రోజే మధ్యాహ్నం 490 వాట్లు చూశాను.

అప్పుడైనా 660 ఎందుకు రాలేదంటే, మన ఎండ. ప్యానెల్ మీద రాసే వాట్లు అది 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క, ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో మా బండి పైకప్పు మీద ప్యానెల్ 65 దాటుతుంది, అంటే ఆరో వంతు అక్కడే పాయె. దానికి తోడు దుమ్ము, చెరువుగట్టు దగ్గర హైవే పక్కన రెండు రోజులు ఆగితే వేలితో పేరు రాసుకోవచ్చు. ఇప్పుడు రోజూ పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కకముందే, తడిబట్టతో తుడుస్తాను. ప్యానెళ్లను పైకప్పుకు అతికించకుండా నాలుగు అంగుళాల ఎత్తులో బిగించడం మాత్రం మొదటి నుంచీ సరిగ్గా చేసిన ఒకే ఒక్క పని, కింద గాలి ఆడుతుంది, బండి లోపల కూడా కాస్త నీడ.

ట్యూబులర్ బ్యాటరీ ఏడాదిన్నరకు చచ్చింది. తప్పు దానిది కాదు. సగం కంటే కిందికి దించకూడదు, నేను రోజూ దించాను. పైగా పడుకునే చోట యాసిడ్ బ్యాటరీ పెట్టడమే తెలివితక్కువ పని, చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, మన్ననూరు దాటాక ఘాట్ మలుపుల్లో నీళ్లు ఒలికేవి. 2023లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్‌వి రెండు పెట్టాను, 12.8 వోల్టులు, రెండూ కలిపి 2,560 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లంటే ఇంటి మీటర్లో ఒక యూనిట్). జేబుకు పెద్ద చిల్లే పడింది, కానీ అప్పటి నుంచి బ్యాటరీ గురించి టెన్షన్ లేదు. ఒక్క వేడి విషయంలో తప్ప. మొదటి వేసవిలో వాటిని వెనక డిక్కీ పక్క మూసిన డబ్బాలో పెట్టాను, ఒంటిగంటకు ఎండ ఫుల్లుగా ఉండగా చార్జింగ్ ఆగిపోయేది. బ్యాటరీ లోపలి బీఎంఎస్ (దాన్ని కాపాడే సర్క్యూట్) 55 డిగ్రీల దగ్గర తనే ఆపేస్తోంది. మంచం కింద నేలకు దించి, పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి పెట్టాక ఆ బాధ పోయింది. ఇంకో మాట, లిథియంకు వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, డెబ్బై శాతమైనా నలభై శాతమైనా 13.2 దగ్గరే తిరుగుతుంటుంది. ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది లెక్కపెట్టే షంట్ మీటరు తప్పనిసరి.

ఆ మీటరు వచ్చాకే అసలు దొంగ దొరికాడు. నేను మా ఆవిడను మిక్సీ వేయనిచ్చేవాణ్ని కాదు, 750 వాట్లు అంటే 12 వోల్టుల దగ్గర 70 ఆంపియర్ల పైనే, ఆ అంకె చూస్తేనే గుండె ఝల్లుమనేది. ఒక రాత్రి ఆమే అంది, "మిక్సీకి గింత భయపడుతున్నవ్, గా డబ్బా రాత్రంత కూస్తనే ఉంటది గదా, అది తినదా?" డబ్బా అంటే ఇన్వర్టర్. అన్నీ ఆపేసి మీటరు చూస్తే, ఏమీ పెట్టకుండానే ఇన్వర్టర్ 1.2 ఆంపియర్లు తాగుతోంది. 15 వాట్లు, 24 గంటలకు 360 వాట్ అవర్లు. కొబ్బరి పచ్చడికి మిక్సీ ఐదు నిమిషాలు తిరిగితే 60 మాత్రమే! రోజుకు ఆరు పచ్చళ్ల కరెంటు ఊరికే పోతోంది, నేను రోటి పచ్చడే రుచి అని ఆమెకు నచ్చజెప్తున్నాను.

ఆ తర్వాత బండిలో వీలైనవన్నీ ఇన్వర్టర్ లేకుండా నేరుగా బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల డీసీ మీదికి మార్చాను. ఫ్యాన్లు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారువి), ఒక్కోటి 28 వాట్లు (ఇంట్లో పాత ఫ్యాను 75 తింటుంది). ల్యాప్‌టాప్ కారు చార్జర్ మీద. నీళ్ల ఆర్‌ఓ మాకు వదులుకోలేనిది, మాది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లం, జాతరలో ఏ బోరు నీళ్లో తెలియకుండా నోట్లో పోసుకోలేను. ఆర్‌ఓ పంపు లోపల నడిచేది 24 వోల్టుల డీసీ మీదే, దాని అడాప్టర్ తీసేసి 12 నుంచి 24 చేసే చిన్న కన్వర్టర్ పెడితే సరిపోయింది. వైఫై రూటర్ నడిచేది 12 వోల్టుల డీసీ మీదే, కాకపోతే చార్జింగ్‌లో బ్యాటరీ 14.4 దాకా వెళ్తుంది కాబట్టి మధ్యలో రెగ్యులేటర్ ఉండాలి.

ఇన్వర్టర్ ఇప్పుడు ప్యూర్ సైన్ వేవ్‌ది (ఇంటి కరెంటులాగే సాఫీగా ఇచ్చేది), మిక్సీకి, టీవీకి, ప్రింటర్‌కు మాత్రమే ఆన్ చేస్తాం, పని అవగానే కట్. ప్రింటర్ అంటే ఇంక్‌ది, లేజర్ ఒకసారి తెచ్చి చూశాను, లోపల పొడి ఇంకును కాగితానికి అతికించే రోలర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు పాత ఇన్వర్టర్ కుయ్యోమని ట్రిప్పయింది. వైరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాటరీ నిండుగా ఉన్నా మిక్సీ వేయగానే లో బ్యాటరీ అని అరిచేది, ముట్టుకుంటే వైరు కాలుతోంది, సన్న వైరు కావడంతో వోల్టేజీ దారిలోనే పడిపోయేది. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అదీ మీటరు లోపు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు.. ఇందులో పిసినారితనం వద్దు, కింద పడుకునేది మనమే.

ఫ్రిజ్ 45 లీటర్లది, డీసీ కంప్రెసర్. చలికాలం రోజుకు 300 వాట్ అవర్లు తినేది మేలో 600 దాటుతుంది. పాలు, మజ్జిగ, కూరగాయల వరకు బంగారం. వంట గ్యాసు మీదే, ఇండక్షన్ ఆలోచన మానుకోండి. ఏసీ గురించి అడగకండి, ఏప్రిల్ చివరి నుంచి మధ్యాహ్నాలు మేము చెట్టు కిందే.

అక్కడే ఇంకో చిక్కు, మనిషికి నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. ఒక్క వేప కొమ్మ నీడ అడ్డం పడినా ప్యానెల్ ఇచ్చే కరెంటు సగానికి పైగా పడిపోతుంది, కణాలన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టి ఉంటాయి కాబట్టి. 160 వాట్ల చిన్న ప్యానెల్ ఒకటి కొని, పది మీటర్ల వైరుతో ఎండలో పరుస్తున్నాను, అది 12 వోల్టుల బ్యాటరీ కోసమే చేసిన రకం కావడంతో నేను తిట్టుకున్న ఆ పాత పీడబ్ల్యూఎం దీనికి చక్కగా పనికొచ్చింది. జులై, ఆగస్టుల్లో నల్లమల వైపు ముసురు పడితే రోజంతా కలిపి 500 వాట్ అవర్లు రావడమే కష్టం, అప్పుడు బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది) నుంచి డీసీ టు డీసీ చార్జర్ (లాగే కరెంటును హద్దులో ఉంచేది) ద్వారా నింపుకోవడమే. నేరుగా వైరు కలపకండి, లిథియం ఎంతిస్తే అంత లాగి ఆల్టర్నేటర్‌ను కాల్చేస్తుంది.

సబ్సిడీ వస్తుందా అని చాలామంది అడిగారు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇంటి కప్పు మీద పెట్టి గ్రిడ్‌కు కలిపేవాటికే, బండికి రాదు.

మిగిలింది పక్క కొట్ల వాళ్ల ఫోన్లు. కురుమూర్తిలో మొదటి ఏడాది ఒక రాత్రి ఇరవై ఫోన్లు పెట్టించుకున్నాను, తెల్లారి చూస్తే ఫ్రిజ్‌కు ఒక రోజు సరిపడే కరెంటు పోయింది. ఇప్పుడు పదకొండు నుంచి మూడు దాకా, బ్యాటరీ నిండి ఎండ మిగిలిపోయే టైములో ఎన్నైనా పెట్టుకోమంటాను. మూడు దాటితే లేదు, పక్కన గాజులమ్మే పెద్దమ్మకు తప్ప.