క్లాడియా, లివియా: రెండు రోమన్ పేర్లు

క్లాడియా, లివియా: ఈ రెండు పేర్లలో ఏది మేలు? ప్రాచీన రోమ్‌లో ఆడపిల్లకు పేరు వెతికే టెన్షన్ పెద్దగా ఉండేది కాదు. తండ్రి వంశనామాన్ని స్త్రీలింగంలోకి మారిస్తే సరిపోయేది. క్లాడియస్‌ల ఇంట పుడితే క్లాడియా, లివియస్‌ల ఇంట పుడితే లివియా. అక్కచెల్లెళ్లందరికీ అదే పేరు కాబట్టి పెద్దది, చిన్నది, మూడోది అని తేడా చూపించేవారు.

అర్థం దగ్గర క్లాడియాకు కాస్త ఇబ్బందే. లాటిన్‌లో 'క్లాడస్' అంటే కుంటి. లివియాను నీలి ఛాయను సూచించే మాటతో కలుపుతారు గానీ, ఆ చుట్టరికం అంత గట్టిది కాదు.

ప్రఖ్యాతిలో మాత్రం లివియాదే పైచేయి. ఆ పేరున్న ఒకావిడ అగస్టస్ చక్రవర్తి భార్య, ఆయన తర్వాత చక్రవర్తి అయిన టైబీరియస్ తల్లి. ఆమె క్రీ.శ. 29లో చనిపోతే, మనవడు క్లాడియస్ చక్రవర్తి అయ్యాక 42లో దేవతను చేశాడు. తమాషా ఏంటంటే, పుట్టుక లెక్కన ఆమెదీ క్లాడియస్‌ల వంశమే. తండ్రి లివియస్‌ల ఇంటికి దత్తత వెళ్లాడు.

అయినా నా ఓటు క్లాడియాకే. కారణం రాణులు కాదు, క్లాడియా సెవెరా అనే సైనికాధికారి భార్య. క్రీ.శ. 100 ప్రాంతంలో, ఉత్తర బ్రిటన్‌లోని విండోలాండా కోటలో ఉన్న స్నేహితురాలు సల్పీసియా లెపిడినాకు పల్చటి చెక్కరేకు మీద ఉత్తరం పంపింది. సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, తప్పకుండా రావాలి అని పిలుపు. పై భాగమంతా లేఖకుడి దస్తూరీ. చివర్లో 'సోదరీ, నా ప్రాణమా' అంటూ నాలుగు ముక్కలు ఆమె సొంత చేత్తో, కాస్త వంకరటింకరగా రాసింది. స్త్రీలు లాటిన్‌లో స్వయంగా రాసినవాటిలో మనకు దొరికిన అతి పాత రాతల్లో అదొకటి. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.