మంత్రిగారి పేషీ, ముగ్గురు మనుషులు: ‘యెస్ మినిస్టర్’ పూర్తి డీవీడీ సంపుటి

బ్రిటిష్ టెలివిజన్‌లో రాజకీయ వ్యంగ్యానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1962లో బీబీసీ ప్రారంభించిన ‘దట్ వాజ్ ద వీక్ దట్ వాజ్’ ఆ వారపు వార్తలనూ ఆనాటి నాయకులనూ పేరు పెట్టి మరీ విమర్శించింది. 1984లో ఐటీవీ అనే ప్రైవేటు చానల్‌లో మొదలైన ‘స్పిటింగ్ ఇమేజ్’ అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ మొదలుకొని రాజకుటుంబం దాకా అందరినీ రబ్బరు బొమ్మలుగా మలచి ఆడించింది. అప్పటి మనుషులెవరో, ఆ వారం ఏం జరిగిందో తెలియని నేటి ప్రేక్షకునికి ఆ రెండింటిలోని హాస్యం సగమే అందుతుంది. 1980లో బీబీసీ 2లో మొదలైన ‘యెస్ మినిస్టర్’కూ, దాని కొనసాగింపు అయిన ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’కూ ఈ ఇబ్బంది లేదు. రెండూ కలిపి మొత్తం 38 భాగాలు. కథానాయకుడైన మంత్రి ఏ పార్టీవాడో వాటిలో ఎక్కడా చెప్పరు. రచయితలు ఆంటొనీ జే, జోనథన్ లిన్ తమ దృష్టినంతా ప్రజలు ఎన్నుకున్న మంత్రికీ, ఏ ఎన్నికా కదిలించలేని అధికారికీ మధ్య నడిచే వ్యవహారం మీదే నిలిపారు. బీబీసీ ఈ రెండు ధారావాహికలనూ కలిపి తెచ్చిన డీవీడీ సంపుటిని తెలుగు ప్రేక్షకులు కొని దాచుకోవాలని నేను కోరడానికి మొదటి కారణం ఇదే.

కథ నడిచేది ముగ్గురి మధ్య. జిమ్ హ్యాకర్ ‘పాలనా వ్యవహారాల శాఖ’ అనే కల్పిత శాఖకు కొత్తగా వచ్చిన మంత్రి. సర్ హంఫ్రీ ఆపిల్‌బీ ఆ శాఖకు శాశ్వత కార్యదర్శి. వీరిద్దరి నడుమ, ఉద్యోగ భవిష్యత్తు కార్యదర్శి చేతిలోనూ దైనందిన విధేయత మంత్రి పట్లనూ ఉన్న ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్ వూలీ. మన సచివాలయాలలో మంత్రుల పేషీల తీరు కొంచెమైనా తెలిసినవారికి ఈ అమరిక పరాయిదిగా అనిపించదు. మన ఐఏఎస్‌కు పూర్వరూపమైన ఐసీఎస్‌ను ఏర్పరచింది బ్రిటిష్ పాలకులే కనుక ఫైలు మీద నోట్ రాసే పద్ధతి, కమిటీ వేసి కాలం గడిపే పద్ధతి, మంత్రి అడగని విషయాన్ని మంత్రికి చెప్పకుండా ఉండే పద్ధతి లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాలుండే వైట్‌హాల్ నుంచి హైదరాబాద్, అమరావతి వరకు ఒకే కుటుంబానికి చెందినవి.

ఈ సంపుటిలో నేను అన్నింటికన్నా ముందు చూడమని చెప్పే భాగం ‘ద కంపాషనేట్ సొసైటీ’. కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రిలో వందల మంది పరిపాలనా సిబ్బంది, సహాయక సిబ్బంది నెలల తరబడి పనిచేస్తూ ఉంటారు. అక్కడ వైద్యులు లేరు, నర్సులు లేరు, ఒక్క రోగి కూడా లేడు. ఈ సంగతి తెలిసి మంత్రి ఆగ్రహిస్తే, రోగులు లేనంత మాత్రాన పని లేదనుకోవడం పొరపాటని హంఫ్రీ ఎంతో సహనంతో వివరిస్తాడు. ఆ ఆసుపత్రి ఆ ప్రాంతంలోకెల్లా పరిశుభ్రమైనదిగా బహుమతి పోటీలో కూడా నిలుస్తుంది. ఈ భాగం గొప్పతనం దాని అతిశయోక్తిలో లేదు. ఆసుపత్రి నిర్వాహకురాలు, కార్మిక సంఘం నాయకుడు, కార్యదర్శి, వీరెవరూ దుర్మార్గులు కారు. ఎవరి కోణం నుంచి చూస్తే వారి మాట సమంజసంగానే ఉంటుంది, ఆ సమంజసమైన మాటలన్నీ కలిసి ఒక ఖాళీ ఆసుపత్రిని నిలబెడతాయి. అవినీతిపరుణ్ణి చూపించి నవ్వించడం సులువు. నిజాయితీగా పనిచేసే మనుషులతో నిండిన వ్యవస్థ ఎలా నిష్ఫలమవుతుందో అరగంటలో చూపించడం చాలా కష్టం, ఆ కష్టమైన పనిని ఈ రచయితలు భాగం తరువాత భాగంలో చేసి చూపించారు.

దానితో సమానంగా నిలిచేది 1986 నాటి ‘ద మినిస్టీరియల్ బ్రాడ్‌కాస్ట్’. ప్రధాని అయిన హ్యాకర్ నిర్బంధ సైనిక శిక్షణను తిరిగి ప్రవేశపెట్టాలనుకుంటాడు, అభిప్రాయ సేకరణలో ప్రజలు తన వైపే ఉన్నారని పొంగిపోతాడు. ఆ సేకరణ ఎలా జరుగుతుందో హంఫ్రీ బెర్నార్డ్‌కు అక్కడికక్కడే చూపిస్తాడు. యువతలో క్రమశిక్షణ తగ్గిందని మీకు ఆందోళనగా ఉందా అన్న ధోరణిలో వరుసగా అడుగుతూ వెళ్లి సైనిక శిక్షణకు ‘అవును’ అనిపిస్తాడు; వెంటనే యుద్ధ భయం గురించీ యువకుల చేతికి ఆయుధాలివ్వడం గురించీ మరో వరుస ప్రశ్నలు వేసి అదే మనిషితో ‘కాదు’ అనిపిస్తాడు. ఇదంతా రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఎన్నికల కాలంలో వెలువడే సర్వేలను మనం ఎంత జాగ్రత్తగా చదవాలో ఇంత స్పష్టంగా బోధించే పాఠాన్ని నేను మరెక్కడా చూడలేదు, జర్నలిజం తరగతులలో ఈ దృశ్యాన్ని తప్పక చూపించాలని నా అభిప్రాయం. అదే భాగంలో ప్రధాని టీవీ ప్రసంగానికి సన్నాహాలు కూడా ఉన్నాయి: ప్రసంగంలో కొత్త విషయాలుంటే సంప్రదాయమైన గది, పాత సంగీతం, కొత్తదేమీ లేకపోతే ఆధునికమైన అలంకరణ, ఆధునిక సంగీతం.

నటన విషయానికి వస్తే, హంఫ్రీగా నైజెల్ హాథోర్న్ చెప్పే నిడివైన వాక్యాలకే ఎక్కువ పేరు వచ్చింది. ఒక నిమిషం పాటు ఆగకుండా, ఒక్క ఉపవాక్యం కూడా జారిపోకుండా, చివరికి ఏమీ చెప్పకుండా ముగించే ఆ ప్రసంగాల కోసం ఆయనకు నాలుగుసార్లు బ్రిటన్‌లో సినిమా, టీవీ రంగాలకు ఇచ్చే బాఫ్టా పురస్కారం లభించింది. ఆ గౌరవం హ్యాకర్ పాత్రధారి పాల్ ఎడింగ్టన్‌కు ఒక్కసారి కూడా దక్కకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. హంఫ్రీ మాట్లాడుతున్నంతసేపూ నవ్వు పుట్టేది ఎడింగ్టన్ ముఖంలో: మొదట అర్థమైనట్టు, తరువాత అర్థం కానట్టు, ఆ వెంటనే అర్థం కాలేదని ఎవరికీ తెలియకూడదన్నట్టు మారే ఆ కళ్లు లేకపోతే ఆ వాక్యాలు కేవలం గారడీగా మిగిలేవి. బెర్నార్డ్‌గా డెరెక్ ఫౌల్డ్స్ తక్కువ మాటలతో, సరైన చోట ఆగడంతో తన పాత్రను నిలబెట్టుకున్నాడు.

రచనలోని విశ్వసనీయత ఊహతో వచ్చింది కాదు. మంత్రిగా పనిచేసిన రిచర్డ్ క్రాస్‌మన్ దినచర్య పుస్తకాలను రచయితలు ఆధారంగా తీసుకున్నారు; ప్రధాని హెరాల్డ్ విల్సన్ కార్యాలయంలో పనిచేసిన మార్సియా విలియమ్స్, బెర్నార్డ్ డొనహ్యూ వంటివారి నుంచి లోపలి సంగతులు సేకరించారు. మొదటి భాగం 1979 సాధారణ ఎన్నికలకు ముందే సిద్ధమైనా, ఆ ఎన్నికలు ముగిసేదాకా బీబీసీ దాన్ని ప్రసారం చేయలేదు. ప్రధానిగా ఉన్న థాచర్ ఈ ధారావాహికకు ఎంతటి అభిమాని అంటే, 1984 జనవరిలో ఒక పురస్కార సభలో ఎడింగ్టన్, హాథోర్న్‌లతో కలిసి ఒక చిన్న దృశ్యంలో స్వయంగా నటించారు. అధికారంలో ఉన్నవారు తమ మీది వ్యంగ్యాన్ని ఇలా దగ్గరకు తీసుకుంటే దాని పదును తగ్గుతుందేమోనన్న సందేహం నాకు ఉన్నా, ఆ తరువాత వచ్చిన భాగాలు మెత్తబడిన ఆనవాళ్లు మాత్రం లేవు.

లోపాలున్నాయి, వాటిని దాచవలసిన అవసరం లేదు. స్త్రీ పాత్రలు బహు తక్కువ. మంత్రి భార్య ఆనీకి తెలివైన మాటలున్నా కథను నడిపే అవకాశం అరుదుగా వస్తుంది, ప్రధాని సలహాదారు డొరతీ వచ్చాకే ఆ లోటు కొంత తీరుతుంది. బురాండా, కుమ్రాన్ అనే కల్పిత దేశాల చిత్రణలో పాశ్చాత్యేతర ప్రజల పట్ల ఆనాటి బ్రిటిష్ చులకన భావం కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోటు, ప్రభుత్వ కార్యాలయం ముందు వరుసలో నిలబడే మామూలు మనిషి ఈ కథలలో దాదాపు కనిపించకపోవడం. ఫైలు ఆలస్యమైతే మంత్రికి కలిగే చికాకు మనకు తెలుస్తుంది కానీ, ఆ ఫైలు మీద బతుకు ఆధారపడినవారి సంగతి తెలియదు. ప్రభుత్వ వ్యయం పట్ల ఆంటొనీ జేకు ఉన్న అపనమ్మకం కూడా కొన్ని కథలను ఒకవైపుకు వంచింది.

ఇదే రచన రేడియోకూ, రంగస్థలానికీ వెళ్లింది. బీబీసీ రేడియో 4 ‘యెస్ మినిస్టర్’ నుంచి 16 భాగాలను 1983, 1984లలో అవే ముఖ్య నటుల గొంతులతో ప్రసారం చేసింది. మాటల మీదే నిలిచే హాస్యం కనుక రేడియోలో అది చక్కగా ఒదిగింది, ఎడింగ్టన్ ముఖం కనిపించని లోటు మాత్రం ఉండనే ఉంది. 2010లో ఇంగ్లండ్‌లోని చిచెస్టర్ ఫెస్టివల్ థియేటర్‌లో ప్రదర్శించిన నాటకంలో డేవిడ్ హెయిగ్, హెన్రీ గుడ్‌మన్ ప్రధాన పాత్రలు ధరించారు, అది తరువాత లండన్‌లో నాటకశాలలకు పేరుపొందిన వెస్ట్ ఎండ్‌కు చేరింది. 2013లో బ్రిటన్‌లోని గోల్డ్ అనే టీవీ చానల్ అదే ఇద్దరితో తీసిన ఆరు భాగాలు ఈ సంపుటికి బయటివి, వాటిని వెతుక్కోనక్కరలేదు. మన దేశంలో 2001లో స్టార్ ప్లస్ ‘జీ మంత్రీజీ’ పేరుతో హిందీలో తీసింది. ఫారూఖ్ షేక్ మంత్రిగా నటించిన ఆ రూపాంతరం, ఈ కథలు మన పాలనా వ్యవస్థకు ఎంత తేలికగా అతుకుతాయో నిరూపించింది.

డిస్కుల సంగతికి వస్తే, బొమ్మ పాత టీవీల 4:3 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) కొలతలోనే ఉంటుంది. స్టూడియో దృశ్యాలు వీడియో మీద, బయటి దృశ్యాలు ఫిల్మ్ మీద తీసినవి కావడంతో ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు రంగులు తేడాగా కనిపిస్తాయి. వినిపించే నవ్వులు స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకులవి. హంఫ్రీ వేగాన్ని అందుకోవడానికి ఇంగ్లీషు బాగా వచ్చినవారికి సైతం ఇంగ్లీషు ఉపశీర్షికలు అవసరమవుతాయి, కొనే ముద్రణలో అవి ఉన్నాయో లేదో అట్ట మీద చూసుకోవాలి. డీవీడీలను ‘రీజియన్’ అనే ప్రాంతాల వారీగా అమ్ముతారు, ఒక రీజియన్ డిస్కు మరో రీజియన్ ప్లేయరులో సాధారణంగా ఆడదు; బ్రిటన్‌లో అమ్మే డిస్కులు రీజియన్ 2కు చెందినవి, భారతదేశం రీజియన్ 5లో ఉంది. కనుక అన్ని రీజియన్ల డిస్కులూ ఆడే ప్లేయరు లేనివారు, బంధువులతో విదేశాల నుంచి తెప్పించుకునేముందు ఈ విషయం సరిచూసుకోవాలి. కొత్తగా చూసేవారు మొదటి డిస్కు నుంచి వరుసగా వెళ్లనవసరం లేదు. పైన చెప్పిన రెండు భాగాల తరువాత, హ్యాకర్‌ను ప్రధాని పీఠం ఎక్కించిన 1984 నాటి గంట నిడివి ప్రత్యేక భాగం ‘పార్టీ గేమ్స్’ చూసి, అప్పుడు మొదటికి వస్తే, తొలి భాగాలలోని నిదానం ఎవరినీ విసిగించదు.