ఐబీ వాళ్ళ టీఓకే సబ్జెక్ట్: ఒక పేరెంట్ రివ్యూ

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) డిప్లొమాలో, అంటే వాళ్ళ ఇంటర్ స్థాయి రెండేళ్ళ కోర్సులో, చేర్చేముందు అందరూ ఫిజిక్స్ ఎలా చెప్తారు, మ్యాథ్స్ ఎలా చెప్తారు అనే అడుగుతారు, టీఓకే ఊసే ఎవరూ ఎత్తరు. థియరీ ఆఫ్ నాలెడ్జ్ అన్నమాట. మనకి ఒక విషయం "తెలుసు" అంటున్నాం కదా, అసలు ఎలా తెలిసింది, ఎంతవరకు నమ్మొచ్చు అని పిల్లల చేత అడిగించే సబ్జెక్ట్, కనీసం 100 గంటలు చెప్పాలి. మా అమ్మాయి పూర్తి చేసింది, పక్కనుండి చూసినదాన్ని బట్టి రాస్తున్నా.

క్లాసులో చర్చలు మాత్రం సూపర్. నాకు బాగా నచ్చింది నెప్ట్యూన్ గురించి చెప్పింది. యురేనస్ లెక్క ప్రకారం తిరగట్లేదు, అంటే న్యూటన్ తప్పా లేక కనపడని గ్రహం ఏదో దాన్ని లాగుతోందా? గ్రహమే ఉందని లెవెరియే అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్తే 1846లో దాదాపు చెప్పిన చోటే దొరికింది. ఇక్కడిదాకా మామూలు పుస్తకాల్లో కూడా ఉంటుంది. కానీ అదే మనిషి బుధుడి కక్ష్యలో తేడా చూసి, అదే లాజిక్‌తో సూర్యుడి దగ్గర ఇంకో గ్రహం ఉండాలన్నాడు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు, మేం చూశామన్నవాళ్ళు కూడా తయారయ్యారు (ఇదే నాకు భలే అనిపించింది), తీరా చూస్తే అలాంటిదేం లేదు. 1915లో ఐన్‌స్టీన్ లెక్కతో గానీ ఆ తేడా ఎందుకో తేలలేదు, ఈసారి మార్చాల్సి వచ్చింది న్యూటన్‌నే. మరి ఒకే పద్ధతి ఒకచోట నెగ్గి ఇంకోచోట ఎందుకు బోల్తా పడింది, అది ముందే తెలిసే దారి ఉందా? దీని మీద పిల్లలు కొట్టుకుంటారు చూడండి, అదే ఈ సబ్జెక్ట్‌కి ప్రాణం.

మ్యాథ్స్‌లో అయితే 1976లో ప్రూవ్ చేసిన నాలుగు రంగుల సిద్ధాంతం, అంటే ఏ మ్యాప్‌కైనా పక్కపక్క ప్రాంతాలకి ఒకే రంగు రాకుండా వేయడానికి నాలుగు రంగులు చాలు అన్నది. చేత్తో సరిచూడలేనన్ని కేసుల్ని కంప్యూటర్‌తో చెక్ చేయించారు, మరి మనిషెవరూ మొత్తం చదవని దాన్ని ప్రూఫ్ అనొచ్చా? మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఇక మైనస్‌లు. టీచర్ కాస్త తేలిగ్గా తీసుకుంటే క్లాసు మొత్తం "అది నీ పర్‌స్పెక్టివ్, ఇది నా పర్‌స్పెక్టివ్" దగ్గరే ఆగిపోతుంది. ఎలా తెలుసు అని అడగడం వేరు, ఎవరికీ ఏమీ తెలీదనడం వేరు. వల్కన్ లేదన్నది ఎవరి అభిప్రాయమూ కాదు కదండీ, వెతికారు, దొరకలేదు, ఇంకో లెక్క సరిపోయింది.

రెండోది ఎస్సే. ఇచ్చిన 6 టైటిల్స్‌లో ఒకటి ఎంచుకుని 1600 పదాలు దాటకుండా రాయాలి, మార్కుల్లో మూడింట రెండొంతులు దానివే. దాంతో ఒక వాదన, ఎదురు వాదన, మళ్ళీ ఒక వాదన, అంతా మూస. ప్రశ్నించడం నేర్పే సబ్జెక్ట్‌లో ఫార్మాట్‌ని ఎవరూ ప్రశ్నించరు! మిగతా మార్కులున్న ఎగ్జిబిషన్ నయం, 35 ప్రశ్నల్లో ఒకటి తీసుకుని 3 వస్తువులతో ముడిపెట్టి చెప్పాలి, ఎదురుగా వస్తువు ఉంటుంది కాబట్టి గాల్లో మాట్లాడటం కుదరదు.

టీఓకే, ఎక్స్‌టెండెడ్ ఎస్సే (పిల్లలు సొంతంగా రీసెర్చ్ చేసి రాసే పెద్ద వ్యాసం) రెండూ కలిపినా 45 పాయింట్లలో 3 మించవు, అందుకే పిల్లలు ఆఖర్న చూసుకుందాంలే అంటారు. కానీ ఈ రెండిట్లో దేంట్లోనైనా 'E' గ్రేడ్ (అన్నిటికంటే కింది గ్రేడ్) వస్తే డిప్లొమానే రాదు, జాగ్రత్త.

నా రేటింగ్ చర్చలకి 4.5, ఎస్సేకి 2. చేర్చేముందు టీఓకే ఎవరు చెప్తారో అడగండి, సైన్స్ టీచరు, హిస్టరీ టీచరు కలిసి చెప్తుంటే కళ్ళు మూసుకుని చేర్చేయొచ్చు, ఖాళీగా ఉన్నవాళ్ళకి అంటగట్టారని తెలిస్తే మాత్రం ఇంకోచోట కూడా కనుక్కోండి.